ఎత్తని చెయ్యి

2017 నవంబరు 8, బుధవారం, ఉదయం ఎనిమిది గంటల ముప్పయి అయిదు నిమిషాలు. మా బాల్కనీ గోడకు తగిలించిన ఉష్ణమాపకం పద్దెనిమిది డిగ్రీలు చూపింది. గాలి లేదు. పబ్లిక్ గార్డెన్స్ వైపు నుంచి వచ్చిన పలుచని మంచూ, మెట్రో స్తంభాల కోసం తవ్విన మట్టి దుమ్మూ కలిసిపోయి నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద ఒకే రంగులో నిలిచి ఉన్నాయి. ఇంత కచ్చితంగా చెప్పడం నాకు అలవాటు. ఏది ఎప్పుడు జరిగిందో సరిగ్గా తెలిస్తే ఎందుకు జరిగిందో దానంతట అదే బయటపడుతుందని, విద్యాశాస్త్రం బోధిస్తూ జుట్టు నెరిసిన మనిషిగా నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకానికి ఆ రోజు మధ్యాహ్నంలోగా ఏ గతి పట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ ఉదయం నాకు రెండు పనులున్నాయి. ఒకటి గౌరవప్రదమైనది: జాంబియా నుంచి వచ్చిన లాక్సన్ మ్వీంబా అనే ప్రధానోపాధ్యాయుడికి మా పాఠశాల చూపించడం. రెండోది నా లెక్కలో అవసరమైనది: పదకొండు గంటలకు బాలమల్లు అనే తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టి, అతని కూతురు ప్రణవికి టీసీ ఇచ్చి పంపించెయ్యడం. ప్రణవి పదో తరగతి చదువుతోంది. పబ్లిక్ పరీక్ష రాసేవారి పేర్లు ఆ నెలలోనే పైకి పంపాలి. ఆ సమయంలో మా బడి నుంచి బయటికి వెళ్లిన పిల్లను ఇంకే బడీ చేర్చుకోదు. అంటే ఆమెకు ఆ ఏడాది పోయినట్టే. ఏడాది పోతే చదువు కూడా పోయినట్టేనని బాలమల్లు ముందే చెప్పాడు. గౌలిగూడలో అతను పనిచేసే ట్రాన్స్‌పోర్టు ఆఫీసు పక్కన గాజుల దుకాణం ఒకటి ఉంది. పెట్టెలు సర్దడానికి ఆడపిల్ల కావాలని వాళ్లు అడుగుతున్నారట. ఇది విని కూడా నేను నిర్ణయం మార్చుకోలేదు. నా దగ్గర కారణం ఉంది. కారణం చేతిలో ఉన్నప్పుడు మెత్తబడే స్వభావం కాదు నాది.

నా సంగతి కొంత చెప్పాలి. పేరు నాగరత్నం. 1956లో మా నాన్నగారు సచివాలయంలో గుమస్తాగా కోస్తా నుంచి బదిలీ అయి వచ్చి అబిడ్స్‌లోని చిరాగ్ అలీ లేన్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. అప్పటి నుంచి మేము ఆ చుట్టుపక్కలే ఉన్నాం. ఆయన తరం గుమస్తాలు తమ పిల్లల కోసం తలా ఇంత వేసుకుని నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక తెలుగు మాధ్యమం బడి పెట్టారు. ఆ గుమస్తాల మనవలంతా ఇంగ్లీషు బడులకు వెళ్లిపోయారు. ఇప్పుడు అక్కడ హమాలీల పిల్లలు, ఆటోవాళ్ల పిల్లలు, ఇస్త్రీ బండ్లవాళ్ల పిల్లలు చదువుతారు. 2014లో పాత కరస్పాండెంటు కాలం చేస్తే ఆ బాధ్యత తీసుకుంటారా అని కమిటీవారు నన్ను అడిగారు. మర్యాదకు ఒకసారి కాదనాలి కదా, నాకు ఆ ఓపిక కూడా లేకపోయింది.

నేను చేసిన మొదటి సంస్కరణ చెప్పకుండా రావడం. ప్రభుత్వ తనిఖీ అధికారి ఏడాదికి ఒకసారి, ముందుగా కబురు పంపి మరీ వస్తాడు. అలాంటి తనిఖీ నాటకానికి రిహార్సలు చూడటంతో సమానమని నేను ఒకప్పుడు వ్యాసం కూడా రాశాను. అందుకని వారంలో ఏదో ఒక రోజు, ఏదో ఒక పీరియడులో, చెప్పులు వరండాలో వదిలి చప్పుడు లేకుండా తరగతి వెనక వచ్చి నిలబడేదాన్ని. టీచరు ప్రశ్న అడిగినప్పుడు ఎన్ని చేతులు లేచాయో చూసేదాన్ని. పిల్లవాడు చెయ్యెత్తాడంటే అతని మనసు పాఠంలో ఉన్నట్టు. ఇది నా డాక్టరేటు నాటి సిద్ధాంతం. నేను వచ్చిన తొలి నెలలో సగం చేతులే లేచేవి. ఏడాది తిరిగేసరికి అన్నీ లేవసాగాయి. దాన్ని గ్రాఫుగా గీయించి, అద్దం కట్టించి, ఆఫీసు గదిలో ప్రధానోపాధ్యాయుడు రామకృష్ణ కుర్చీ వెనక తగిలించాను.

అదే కాలంలో పదో తరగతి ఫలితాలు ఏటికేడు పడిపోతూ వచ్చాయి.

మామూలు బుద్ధి ఉన్న మనిషైతే ఆ చేతులను అనుమానించేది. నాది మామూలు బుద్ధి కాదు, శిక్షణ పొందిన బుద్ధి. కాబట్టి ముందు మెట్రో తవ్వకాల చప్పుడును అనుమానించాను. తరువాత సెల్‌ఫోన్లను, ఆ తరువాత మధ్యాహ్న భోజనంలో పప్పు పలచబడటాన్ని. ఈ మూడింటి మీదా అబిడ్స్‌లో ఒక హోటలు మేడ మీద జరిగిన సదస్సులో పత్రం సమర్పించాను. సమోసాలు వచ్చేదాకా అందరూ శ్రద్ధగా విన్నారు. చివరికి అసలు ముద్దాయి దొరికింది: క్రమశిక్షణ లేకపోవడం. వెనక బెంచీల్లో ఈలలు, బల్లల మీద దరువులు, భోజనం గంట కొట్టాక ప్రహరీ దూకి పబ్లిక్ గార్డెన్స్‌కు పరార్. అల్లరి పెరిగింది, ఫలితాలు తగ్గాయి. అల్లరి నుంచి ఫలితాల వైపు బాణం గీస్తే సరిపోయింది. బాణం ఎటు తిప్పి గీసినా గీత అలాగే ఉంటుందని నాకు తట్టలేదు.

ఆ బాణానికి నేను చూపగలిగిన నిదర్శనం ప్రణవి. తరగతి అంతా చేతులెత్తినప్పుడు ఆ పిల్ల ఒక్కతే చేతులు కట్టుకుని కూర్చునేది. ఎందుకు ఎత్తలేదని ఒకసారి అందరి ముందూ అడిగాను. రాదు కాబట్టి ఎత్తలేదంది. వచ్చేలా చదువుకోవాలి కదా అన్నాను. తల వంచుకుంది. రానివాళ్లు ఎత్తరన్న ఆ చిన్న మాటలో నా గ్రాఫు మొత్తాన్ని కూల్చే సాక్ష్యం ఉంది, నాకు మాత్రం పొగరే వినబడింది. మరో రోజు నేనుండగానే లేచి నిలబడి లెక్కల టీచరుతో, నన్ను గూడ అడుగుండ్రి, అని గట్టిగా అరిచింది. పాఠానికి అడ్డు తగిలిందని నిర్ణయించాను. దీపావళి తరువాత ఆమె బల్ల మీద వేసిన దరువుకు వెనక వరస మొత్తం కలిసింది. ఆ సాయంత్రమే టీసీ సిద్ధం చెయ్యమని రామకృష్ణతో చెప్పాను. ఆయన ఏదో అనబోయి, గ్రాఫు వైపు ఒకసారి చూసి, అలాగేనమ్మా అన్నాడు.

మ్వీంబా సరిగ్గా తొమ్మిదికి స్టేషను ముందు బస్సు దిగాడు. యాభై దాటిన మనిషి. చలి అంటూ కోటు గుండీలన్నీ పెట్టుకున్నాడు. మా సంభాషణ ఆంగ్లంలో సాగింది, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆయన విశ్వవిద్యాలయంలో నా పాత శిష్యుడి దగ్గర పరిశోధన చేస్తున్నాడు. అంశం ఆఫ్రికా గ్రామీణ పాఠశాలల్లో క్రమశిక్షణ లేకపోవడం, చదువులో వెనుకబడటం. దేశానికి దక్షిణాన పశువుల పెంపకం మీద బతికే ఒక పల్లెలో ఆయన బడి. చాలా ఏళ్లుగా దానికి ఆయనే పెద్ద. మా బడిని చూస్తే ఆయనకు దారి దొరుకుతుందని నా శిష్యుడితో నేనే చెప్పి రప్పించాను.

స్టేషను ఎదుటి ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ తన బడి సంగతులు చెప్పాడు. పిల్లలు తెల్లవారకముందే లేచి, పశువులను తోలి, ఆ తరువాత బడికి నడుస్తారు. పాత పంట అయిపోయి కొత్త పంట చేతికి రాని నెలల్లో ఖాళీ కడుపుతోనే వస్తారు. తొమ్మిదో తరగతిలో సగం మంది చదవలేరు. కిటికీలు పగులుతాయి, టీచర్ల మీద పాటలు కడతారు, ఒక ఏడాది కొత్త టీచరు సైకిలును తీసుకెళ్లి చెట్టెక్కించారు.

నేను నా బాణం వివరించాను. టిష్యూ కాగితం మీద గీసి చూపించాను కూడా.

మ్వీంబా దాన్ని శ్రద్ధగా చూసి, ఒక చిక్కుందన్నాడు.

"మా లెక్కల మాస్టారు జీతం తెచ్చుకోవడానికి పట్నం పోతాడు. బ్యాంకు అక్కడే ఉంది. వానలు పడితే దారి తెగుతుంది, వారం దాకా రాడు. మాస్టారు లేని గదిలో పిల్లలు కిటికీలు పగలగొడతారు. నేను పై అధికారులకు కిటికీల సంగతి రాస్తాను. మాస్టారి సంగతి రాయను."

ఎందుకు రాయరని అడిగాను.

"అతను నా తోడల్లుడు."

అది అనుబంధ కారణం మాత్రమేనని, మూలకారణం కాదని నేను గంభీరంగా చెప్పాను. ఆయన బిస్కెట్టు చాయ్‌లో ముంచి, నా మీద తనకు పెద్ద ఆశ ఉందన్నాడు. తప్పు పిల్లలదేనని నాలాంటి పెద్ద ప్రొఫెసరు ఒక్క మాట అంటే చాలు, ఇంటికి వెళ్లి హాయిగా నిద్రపోవచ్చట. ఆ మాటలో వెటకారం ఎంతో, నిజం ఎంతో నాకు తెలియలేదు. ఆయనకూ తెలుసని అనుకోను. తప్పు పిల్లలదేనని నేను హామీ ఇచ్చాను.

మేము వెళ్లేసరికి పదో తరగతికి ఉజ్వల లెక్కలు చెబుతోంది. ఉజ్వల పాత హైదరాబాదు కుటుంబం పిల్ల. ఈ బడిలోనే చదివి ఇక్కడే టీచరైంది. మేమిద్దరం వెనక నిలబడ్డాం. బోర్డు మీద రెండు, అయిదు, ఎనిమిది, పదకొండు అని రాసి తరువాత వచ్చే సంఖ్య ఏదని అడిగింది. గదిలో ఉన్న చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. సొంత పొలంలో పంట చూపించే రైతులా నేను మ్వీంబా వైపు చూశాను. అయిదో వరసలో ప్రణవి చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. ఆ పిల్లేనని చెవిలో చెప్పాను.

ముందు బెంచీలో ఒకమ్మాయి లేచి పద్నాలుగంది. మరో ప్రశ్న, మళ్లీ అన్ని చేతులు, మళ్లీ సరైన జవాబు. మ్వీంబా ఒక ప్రశ్న తానూ అడగవచ్చా అన్నాడు. నేను పొంగిపోయాను. కిటికీ పక్క నుంచి అందరికన్నా పైకి, దాదాపు బెంచీ మీంచి లేచి మరీ చెయ్యెత్తిన పిల్లవాణ్ణి చూపించాడు. అతని పేరు అఖిలేష్. పద్నాలుగు తరువాత ఏమొస్తుందో చెప్పమన్నాడు. నేను తెలుగులో అడిగాను.

అఖిలేష్ లేచి నిలబడ్డాడు. ఎత్తిన తన చేతిని చూసుకున్నాడు. ఉజ్వల వైపు చూశాడు. ఉజ్వల చాక్‌పీసు వైపు చూసింది.

"మేడమ్, నాది ఎడమ చెయ్యి," అన్నాడు.

అతనిది ఎడమ చెయ్యట, అని నేను మ్వీంబాకు తర్జుమా చేశాను. అనువాదంలో నాకు నిక్కచ్చి ఎక్కువ. అది తనకూ కనబడుతోంది, జవాబేమిటో చెప్పమన్నాడాయన. నేను మళ్లీ అడిగాను. మందబుద్ధి ఉన్న ముసలిదానికి ఓపికగా నచ్చజెప్పే గొంతుతో అఖిలేష్ వివరించాడు.

"ఎడమ చెయ్యి అంటే అడగొద్దు గద మేడమ్. వచ్చినోళ్లది కుడి చెయ్యి. రానోళ్లది ఎడమ చెయ్యి."

నేను మాట మాటా తర్జుమా చేస్తూ పోయాను. వాక్యం పూర్తిగా నా నోటి నుంచి బయటికి వచ్చాక గానీ అది నా బుర్రలోకి వెళ్లలేదు. మ్వీంబాకు నాకంటే ముందే అర్థమైంది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన భుజాలు కదలడం చూసి పిల్లలు నవ్వారు. నేనున్న సమయంలో ఆ గదిలో నవ్వు వినడం అదే మొదటిసారి. దించమని ఎవరూ చెప్పలేదు కాబట్టి చేతులు ఇంకా పైనే ఉన్నాయి. అప్పుడు చూశాను. ముందు రెండు వరసలు కుడి, మిగిలిన గదంతా ఎడమ. ఎడమ చేత్తో ప్రసాదం అందుకున్న పిల్లను ఎవరి ఇంట్లోనైనా సరే మందలించే మనిషిని నేను. అంత పట్టింపు ఉన్నదాన్ని, మూడేళ్లపాటు ఆ చేతులు ఎన్నో లెక్కపెట్టాను గానీ అవి ఏ చేతులో చూడలేదు.

వరండాలోకి వచ్చాక మ్వీంబా కళ్లు తుడుచుకుని తన పద్ధతి చెప్పాడు. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున చదవడం రాని పిల్లలను వంటకు కట్టెలు తెమ్మని అడవికి పంపించేస్తాడట. మీ పద్ధతే మేలు, పిల్లలు నీడపట్టున ఉంటున్నారు అన్నాడు.

ఉజ్వల బయటికి వచ్చింది. కళ్లలో నీళ్లున్నాయి గానీ గొంతు నిలకడగానే ఉంది.

"తప్పుగ అనుకోకుండ్రి మేడమ్. ఇన్‌స్పెక్షన్ దినం గిట్ల చేసుడు ఈ బడిల ఎప్పటి సందో ఉంది. నేను గీడ చదివినప్పుడు గూడ ఉండె. ఏడాదికి ఒక్క దినం. పిల్లలకు గదొక ఆట లెక్క."

మరి ఇవాళ తనిఖీ ఏమీ లేదు కదా అన్నాను. ఆమె తరగతి తలుపు దగ్గరగా వేసింది. చెప్పమన్నాను.

"మీరు ఏ దినం వస్తరో తెల్వదు. ఏ పీరియడ్ల వస్తరో తెల్వదు. అందుకని మాకు రోజూ ఇన్‌స్పెక్షనే అయింది."

మిగిలింది ఆమె ఆగి ఆగి చెప్పింది. మొదట్లో నేను వెళ్లిపోయాక ఎడమ చేతుల పిల్లలను విడిగా అడిగేదట. పోనుపోను అది తప్పిపోయింది. ప్రశ్న వేస్తే చేతులు లేస్తున్నాయి, ఎవరో ఒకరు సరైన జవాబు చెబుతున్నారు, పాఠం సాగుతున్నట్టే ఉంటుంది. ఎడమ చెయ్యి కనబడగానే చూపు దానంతట అదే కుడి వైపు జరిగిపోయే అలవాటు పడింది. అలా ఎంతకాలమైందని అడిగాను. రెండేళ్లుగా వెనక వరసల వాళ్లను ఒక్క ప్రశ్న కూడా అడగలేదంది. నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే మీ గ్రాఫు ఖరాబైతదని హెడ్మాస్టర్ సార్ వద్దన్నరు. అంత మంచిగ ఫ్రేము కట్టిచ్చిన్రు గద."

కార్యకారణ సంబంధాలు విడదీయడం నా వృత్తి కాబట్టి ఆ వరండాలో నిలబడే ఆ పని పూర్తి చేశాను. నేను చెప్పకుండా రావడం వల్ల ఏడాదికి ఒక్కనాటి ఆట రోజువారీ పద్ధతైంది. పద్ధతైనందువల్ల తరగతిలో ఎక్కువ మందిని అడగడం మానేశారు. ఎవరూ అడగని పిల్లలకు వినవలసిన అవసరం లేకపోయింది. వినని పిల్లలకు గంటసేపు ఊరికే కూర్చోవడం కష్టం, కాబట్టి ఈలలు వేశారు, దరువులు వేశారు, గోడ దూకారు. పరీక్షలో కుడి చెయ్యి, ఎడమ చెయ్యి తేడా లేదు కాబట్టి తప్పారు. ఫలితాలు తగ్గినకొద్దీ నేను ఇంకా తరచుగా వచ్చాను. మెట్రో తవ్వకాలకు ఇందులో ఏ పాత్రా లేదు. ఆ సంస్థను సదస్సులో అంత మంది ఎదుట నిందించినందుకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. పప్పుకు కూడా చెప్పుకున్నాను.

ఆ తరగతిలో నా సిద్ధాంతాన్ని అక్షరాలా పాటించినది ఒక్కతే. వస్తేనే చెయ్యెత్తాలి, రాకపోతే ఎత్తకూడదు. టీసీ ఆమె పేరు మీదే సిద్ధంగా ఉంది.

పదకొండుకు బాలమల్లు వచ్చాడు. సగం రోజు పని మానుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. రామకృష్ణ కూర్చోమంటే కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ప్రణవి తండ్రి పక్కన నిలబడింది. మ్వీంబా గోడ పక్కన బల్ల మీద సర్దుకున్నాడు. నేను నోరు తెరవకముందే బాలమల్లు మొదలుపెట్టాడు. బహుశా దారి పొడుగునా అనుకుంటూ వచ్చి ఉంటాడు.

"మేడమ్, పిల్ల తప్పు చేసింది. నేను ఇంట్ల గట్టిగనే చెప్పిన. జర ఈ నాలుగు నెలలు ఓర్సుకోండ్రి. కావాలంటే పొద్దుగాల నేనే తెచ్చి దిగబెడ్త."

తప్పేమిటో తెలుసా అని అడిగాను. ఆ ప్రశ్న ఎవరిని ఉద్దేశించి అడిగానో నాకే స్పష్టంగా తెలియదు.

"చెయ్యి ఎత్తుత లేదట గద," అని అతను కూతురి వైపు తిరిగాడు. "ఎత్తితే ఏమైతదే? చెయ్యే గద, మూటనా?"

"ఎత్తితే అడగరు నాయినా."

"ఎత్తకుంటే ఎల్లగొడుతున్రు గద."

ఆ తండ్రీకూతుళ్లు మా బడిలో జరుగుతున్న విద్యాబోధనను రెండు వాక్యాల్లో పూర్తి చేశారు. నాకు డాక్టరేటులో రెండు వందల పేజీలు పట్టాయి. మ్వీంబా నన్ను మోచేత్తో తట్టి, ఏమంటున్నారని అడిగాడు. తరువాత చెబుతానన్నాను.

టీసీ ఇవ్వడం లేదని, పరీక్షకు ప్రణవి పేరు పంపమని రామకృష్ణతో చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి, తప్పుగా విన్నానేమో అన్నట్టు మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. బాలమల్లు లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. ఆ నమస్కారం చూడటానికి ఇబ్బందిగా ఉండి, తప్పు పిల్లది కాదు, నాదేనన్నాను. అతను దాన్ని పెద్దవాళ్ల మర్యాదగా తీసుకుని, అట్లనకుండ్రి మేడమ్ అన్నాడు. నిజంగా తప్పు నాదేనని ఎలా నిరూపించాలో ఆలోచిస్తుండగా ప్రణవి మాట్లాడింది.

"నేను ఉంట మేడమ్. గని మీరు క్లాసుకు రావద్దు."

"ఏయ్, ఏంది గది, ఇజ్జత్ తోటి మాట్లాడు," అన్నాడు బాలమల్లు భయపడిపోయి.

"మేడమ్ వస్తే మల్ల గదే షురువైతది నాయినా. టీచరు భయపడ్తది. మల్ల మమ్ముల అడగదు."

రామకృష్ణ తల ఎత్తి తిరుగుతున్న ఫ్యాను రెక్కలను ఏకాగ్రతతో చూడసాగాడు. మూడేళ్లుగా ఏ దేవుణ్ణి వేడుకున్నాడో గానీ, ఆ దేవుడు ఈ పిల్ల రూపంలో వచ్చి నిలబడినట్టు ఉంది ఆయన మొహం. ఈసారి మ్వీంబా పట్టుబట్టడంతో ప్రణవి అన్నదాన్ని అక్షరం పొల్లుపోకుండా తర్జుమా చేసి వినిపించాను. నన్ను రావద్దంటోందని నా నోటితోనే చెప్పాను. ఆయన నవ్వలేదు. పిల్ల వైపు చాలాసేపు చూశాడు.

నేను వాదించవచ్చు. పర్యవేక్షణ లేని విద్యాసంస్థల గురించి నా దగ్గర చాలా ఉదాహరణలున్నాయి. కానీ ఆ గదిలో నా మాటకు ఆ ఉదయం విలువ ఎంత పడిపోయిందో లెక్క వేయగల చదువు కూడా నాకుంది.

"ఎప్పటిదాకా రావద్దంటావు?"

ప్రణవి ఆలోచించింది. "పరీక్ష అయ్యేదాంక."

ఒప్పుకున్నాను. ఆ పిల్ల తండ్రిని వాకిలి దాకా సాగనంపి తిరిగి తరగతికి వెళ్లింది. పరుగెత్తలేదు, థాంక్స్ చెప్పలేదు. చెప్పవలసిన పని కూడా లేదు.

ఆ మధ్యాహ్నం మ్వీంబాతో కలిసి అబిడ్స్ దాకా నడిచాను. పోస్టాఫీసు దగ్గర ఆగి, తన మొదటి అధ్యాయం మార్చి రాయాలన్నాడు. అందులో తోడల్లుణ్ణి పెట్టక తప్పదట. పెడితే భార్య అక్కగారు జీవితాంతం మాట్లాడదట. కట్టెలకు పంపిన పిల్లలను కూడా పెడతారా అన్నాను. అది రాసినవాడి గురించి కదా, అన్నిటికంటే చివర పెడతానన్నాడు. తప్పు పిల్లలదేనని చాయ్ దగ్గర హామీ ఇచ్చిన నన్ను ఆయన దాని గురించి మళ్లీ అడగకపోవడం ఆయన సంస్కారం.

ఆ తరువాతి నెలలు నాకు కష్టంగా గడిచాయి. బడి వేళకు కాళ్లు వాటంతట అవే స్టేషను వైపు తిరిగేవి. పండ్ల రసాల దుకాణం దాకా వెళ్లి వెనక్కి వచ్చేదాన్ని. దుకాణంవాడు నాకు బత్తాయి రసం మీద ప్రాణమనుకుని చూడగానే గ్లాసు కడిగేవాడు, తాగక తప్పేది కాదు. ఇక ఆగలేక రామకృష్ణకు ఫోను చేస్తే, అంతా బాగుందమ్మా అనేవాడు. ఆ మాట ఏ చేత్తో అన్నాడో ఫోనులో కనబడదు. ఒకసారి ఉజ్వలే మా ఇంటికి వచ్చి నిజం చెప్పింది. వెనక వరసల్లో అల్లరి తగ్గలేదు, మొదట్లో పెరిగింది. రెండేళ్లుగా ఎవరూ అడగని పిల్లలు ఇప్పుడు అందరి ముందూ నిలబడి రాదని చెప్పవలసి వస్తోంది. అఖిలేష్ ఒక వారం బడికే రాలేదు. ప్రణవి మాత్రం రాదనే మాటను గట్టిగా చెబుతుందట. చెప్పి, మరి ఎట్ల చేయాలె, అని అడుగుతుందట. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడంలోనే పీరియడు అయిపోతోందని, పాఠాలు మిగిలిపోతున్నాయని ఉజ్వల దిగులుపడింది. ఏదైనా సలహా ఇవ్వబోయి నోరు మూసుకున్నాను. నా వృత్తి జీవితంలో అది కొత్త నైపుణ్యం.

మార్చి పరీక్షల్లో ప్రణవి లెక్కల్లో తప్పింది. కమిటీవారు నా ముందు ఆ మాట ఎత్తారు. మూడేళ్ల ఆలస్యానికి నాలుగు నెలలు సరిపోలేదని, ఆలస్యం నా పద్దులో రాసుకోవాలని చెప్పాను. జూన్‌లో జరిగిన సప్లిమెంటరీలో ఆమె ఉత్తీర్ణురాలైంది.

2021లో పిల్లలు చాలక ఆ బడి మూతపడింది. ప్రణవి ఇంటర్మీడియెట్ తరువాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, 2023 నుంచి లక్డీకాపూల్‌లోని ఒక రక్తపరీక్షల కేంద్రంలో ఉద్యోగం చేస్తోంది.